ఏడుగురిలో పెద్దమామకు జాగ

మనుషుల్ని ఏరుకోవచ్చునన్న సంగతి నాకు ఇరవై దాటాక గానీ తెలియలేదు. అంతవరకూ మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఉండేవారు. లాల్‌దర్వాజాలో మా గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురింటివాళ్ళు పప్పులో పోపు వేస్తే మా ఇంట్లో అందరం తుమ్మేవాళ్ళం. నేను ఏ రంగు డ్రెస్సు వేసుకుని ఆఫీసుకు వెళ్ళానో మా అమ్మకంటే ముందు కిరాణా కొట్టు అత్తమ్మకు తెలిసేది. వీళ్ళలో నీకు ఎవరు కావాలి, ఎవరు వద్దు అని నన్నెవరూ అడగలేదు, అడగాలని వాళ్ళకు తోచనూ లేదు. అలాంటి రోజుల్లో, రెండు వేల ఐదో ఆరో అయి ఉంటుంది, కంప్యూటరులో స్నేహాల పేజీలు వచ్చాయి. (ఇప్పుడు అందరి చేతుల్లోని ఫోన్లలో ఉన్నవాటికి అవి తాతలు.) పేరు రాసుకుంటే మనకొక పేజీ ఇచ్చేవారు. ఎవరైనా మన స్నేహం కోరితే పక్కన రెండు బొత్తాలు కనిపించేవి. ఒకటి ఒప్పుకోవడానికి, రెండోది వద్దనడానికి. ఆ రెండో బొత్తాన్ని మొదటిసారి చూసినప్పుడు కలిగినంత ఆనందం నాకు మొదటి జీతం అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

నేనప్పుడు ఆబిడ్స్‌లో ఒక ఆడిటరు గారి దగ్గర టైపు పని చేసేదాన్ని. పొద్దంతా ఎవరెవరివో లెక్కలు కొట్టి, సాయంత్రం బస్సు దిగి, ఇంటికి పోయేముందు మా గల్లీ మొదట్లో ఉన్న నెట్ కేఫ్‌లో కాసేపు కూర్చునేదాన్ని. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన గూళ్ళు, గూటికొక పరదా, అన్నిటికీ కలిపి పైన ఒక్క ఫ్యాను. నడిపే కుర్రాణ్ణి పెద్దా చిన్నా అందరూ కేఫ్ భాయ్ అనేవారు. పరదా లాగి కూర్చుంటే బయట ఆటోల మోత, మసీదు మైకు, గుడి గంట, ఎదుటి చాయ్ హోటల్లో గ్లాసుల చప్పుడు, అన్నీ ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వినిపిస్తున్నట్టు ఉండేవి. ఆ గూట్లో నేను ఎవరి బిడ్డనూ కాను, ఎవరి మేనకోడలినీ కాను. నా పేజీ మీద నా ఫోటో బదులు ఒక నీలం పువ్వు పెట్టాను. అది ఏం పువ్వో నాకు తెలియదు, తెలుసుకుంటే అందం పోతుందని ఎవరినీ అడగలేదు.

ఇక మనుషుల్ని ఏరుకోవడం మొదలుపెట్టాను. దానికి నావైన నియమాలు ఉండేవి. ఆ మనిషిని నేను ఎన్నడూ చూసి ఉండకూడదు. చుట్టరికం బొత్తిగా పనికిరాదు. పండగ శుభాకాంక్షలు పంపేవాళ్ళు దూరంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏదో ఒక అందమైన సంగతి గురించి తప్ప ఇంకోటి రాయకూడదు. ఇన్ని పరీక్షలూ దాటి వచ్చినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఏడుగురు తేలారు. వాళ్ళలో ఒకాయన మబ్బుల ఫోటోలు మాత్రమే పెట్టి, కింద ఒక్క వాక్యం రాసేవాడు. 'ఈరోజు మబ్బుకు ఎక్కడికీ వెళ్ళాలని లేదు' అని ఒకసారి రాశాడు. ఆ వాక్యాన్ని నేను చాలారోజులు మనసులో మోసుకు తిరిగాను. ఆడిటరు గారు ఫలానా ఫైలు ఇంకా రాలేదేమని అడిగితే, పాపం దానికి కూడా ఎక్కడికీ వెళ్ళాలని లేదేమో అనుకున్నాను (పైకి అనలేదు, ఉద్యోగం కావాలి కదా). ఇంకొక అమ్మాయి ఎక్కడెక్కడి పాత ఇళ్ళ కిటికీల ఫోటోలు తీసి పెట్టేది. మిగతావాళ్ళూ దీపాలో ఎండుటాకులో పెట్టే అలాంటి వాళ్ళే. ఎనిమిదో మనిషి వస్తే నా పేజీ కూడా మా గల్లీ అయిపోతుందని నా భయం. అందుకని నాతో బడిలో చదివిన పిల్లల్నీ, పిన్ని కొడుకునీ, మా వీధి టైలరు అక్కనీ ఒక్క వేలితో వద్దనేశాను. వాళ్ళు బయట ఎదురైతే మాత్రం బాగా నవ్వేదాన్ని.

చిక్కంతా పెద్దమామతో వచ్చింది. పెద్దమామ మా అమ్మకు అన్న. రెండు గల్లీల అవతల ఉండేవాడు. సిటీ బస్సులో కండక్టరు. మనుషుల గురించి ఆయనకు ఒకే ఒక సిద్ధాంతం ఉండేది. ఎవరిని ఎక్కించుకోవాలో కండక్టరు ఏరుకోడు, చెయ్యెత్తిన వాళ్ళంతా మనవాళ్ళే. లోపల జాగ లేదనుకోవడం వట్టి భ్రమ, గట్టిగా 'జరగండి' అంటే జాగ దానంతటదే పుడుతుంది. ఆయన ఒకరోజు కూతురి పరీక్ష ఫలితాలు చూద్దామని కేఫ్‌కు వెళ్తే, కేఫ్ భాయ్ పనిలో పనిగా మామకు కూడా ఒక పేజీ తెరిచిపెట్టాడు. ఖాకీ చొక్కాలో తీయించుకున్న పాస్‌పోర్టు ఫోటో ఎక్కించాడు. మామ చెప్తుంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టిపెట్టే బాధ్యత కూడా అతనే తీసుకున్నాడు. మామ తన సిద్ధాంతం ప్రకారం అడిగినవాళ్ళందరినీ చేర్చుకున్నాడు, అడగని వాళ్ళను తనే అడిగాడు. నెల తిరిగేసరికి ఆయన పేజీ సాయంకాలపు బస్సులా కిటకిటలాడిపోయింది. అలా అడిగిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఖాకీ చొక్కా ఫోటో, దాని పక్కన రెండు బొత్తాలు. వద్దనడానికి ధైర్యం చాలలేదు, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఏదీ నొక్కకుండా వదిలేశాను. రోజూ పేజీ తెరవగానే మామ గుమ్మంలో నిలబడి కనిపించేవాడు, నేను చూడనట్టు లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఆ వానాకాలంలో మబ్బులాయన ఒక మాట రాశాడు. శ్రావణంలో ఒక ఆదివారం అనంతగిరి గుట్టలకు వెళ్దాం, అక్కడ మబ్బు కిందికి దిగి మనుషుల మధ్య నడుస్తుంది, నా జాబితాలో ఉన్నవాళ్ళంతా రండి, అని. చదివాక నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. నేనప్పటివరకు మబ్బును మా డాబా మీది నీళ్ళ ట్యాంకుకు పైనే చూశాను. అది కిందికి దిగుతుందట, నేను ఏరుకున్న మనుషులు దాని మధ్య ఉంటారట, వాళ్ళు నన్నూ రమ్మంటున్నారట. ఆ రాత్రి అన్నం తింటూ బాపుతో విషయం మెల్లగా కదిపాను. బాపు ఎలక్ట్రిక్ ఆఫీసులో గుమాస్తా, కోపం తక్కువ, మాట ఇంకా తక్కువ. నెట్టులో దొరికిన మనుషులతో గుట్టలెక్కడం ఏంటని ఒక్క ప్రశ్న అడిగి చెయ్యి కడుక్కున్నాడు. మా ఇంట్లో దానర్థం విచారణ ముగిసిందని. ఆయన తీర్పు మీద అప్పీలు వినగల మనిషి లోకంలో ఒక్కరే. ఆడపిల్ల సంగతిలో మేనమామ మాటకు మా వాళ్ళలో బాపులైనా ఎదురు చెప్పరు.

తప్పనిసరై మామ దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వేడివేడి చాయ్ సాసర్లో పోసుకుంటున్నాడు. అత్త నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. నేను మబ్బుల గురించి, వాటి గొప్పదనం గురించి, అవి చూస్తే మనిషికి కలిగే ఉదాత్తమైన ఆలోచనల గురించి చాలాసేపు చెప్పాను. మామ శ్రద్ధగా విన్నాడు. సాసరు ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

"నెల సంది ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ బిడ్డా," అన్నాడు. "ముందు నన్ను లోపలికి తీస్కో. మీ బాపు సంగతి నేను చూస్త."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన ముఖంలో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు, నిజంగానే జాగ అడుగుతున్నాడు. ఆ సాయంత్రమే కేఫ్‌కు వెళ్ళి మొదటి బొత్తాం నొక్కాను. నా ఏడుగురి పక్కన, మబ్బులూ కిటికీలూ దీపాలూ ఎండుటాకుల పక్కన, ఖాకీ చొక్కా వచ్చి కూర్చుంది.

మర్నాడు పేజీ తెరిచేసరికి, కిటికీల అమ్మాయి నాకోసం రాసిన రెండు లేతమాటల కిందే మామ రాయించిన మాటలున్నాయి. 'తిన్నవా బిడ్డా? మీకు నల్లా వచ్చిందా ఇయ్యాల? మాకు రాలే.' ఆ రోజుల్లో ఒకరి పేజీ మీద రాసింది ఊరంతా చదవచ్చు. నీలం పువ్వు కింద నల్లా నీళ్ళ గోల చూసి నా ప్రాణం చివుక్కుమంది. చుట్టూ చూసి తుడిచేశాను. మర్నాడు మళ్ళీ 'తిన్నవా.' మళ్ళీ తుడిచేశాను. ఇది మా ఇద్దరికీ దినచర్య అయింది. ఆయన డ్యూటీ దిగి వచ్చి రాయించేవాడు, నేను ఆఫీసు నుంచి వచ్చి తుడిచేదాన్ని. నా పేజీ అయితే నా చేతిలో ఉంది, ఏడుగురి పేజీలు నా చేతిలో లేవు కదా. మామకు ఇల్లు చూపిస్తే చాలు, వరసలన్నీ ఆయనే కలుపుకుంటాడు. ఒక ఆదివారం మబ్బులాయన పేజీలో, ఒంటరి మబ్బు ఫోటో కింద, అచ్చం పెళ్ళి సంబంధం వాకబు చేసినట్టు రాయించాడు.

'బాబూ, మీరు ఏడికెల్లి? ఇంటిపేరు ఏంది? అమ్మ నాయిన మంచిగున్నరా? మా పిల్ల మీతోని గుట్టకు వస్త అంటుంది. మబ్బులు సరే గని, ఆడ పగటి తిండి ఏం అనుకున్నరు?'

నేను పరదా మూసుకుని, కీబోర్డు మీద తల ఆనించి అలాగే ఉండిపోయాను. తెరమీద ఏ అక్షరాలు పడ్డాయో చూడలేదు. ఇక నన్ను జాబితాలోంచి తీసేస్తారు, గుట్టలు లేవు, మబ్బు లేదు, నేను మళ్ళీ మా డాబా మీది ట్యాంకు దగ్గరికే వెళ్ళాలి అనుకున్నాను. పక్కగూట్లోంచి కేఫ్ భాయ్ మాత్రం చాలా ఉత్సాహంగా ఉన్నాడు. "టెన్షన్ గీన్షన్ వద్దు బెహెన్, మామ చెప్పిండు, నేను మస్తు ఇజ్జత్‌తోని కొట్టిన," అని భరోసా ఇచ్చాడు.

రెండు రోజులకు మబ్బులాయన జవాబు రాశాడు. మామకు. ఒక్క వాక్యం మించి ఎన్నడూ రాయని మనిషి అంత పొడుగు రాయగలడని నేననుకోలేదు. తన ఊరు, ఇంటిపేరు, అమ్మ మోకాళ్ళ నొప్పులు, తను మూసీ అవతల ఒక గదిలో అద్దెకుంటున్న సంగతి, అన్నీ రాశాడు. తిండి సంగతి తనకు అసలు తట్టనే లేదని కూడా ఒప్పుకున్నాడు. అది చూసి కిటికీల అమ్మాయి కూడా మామను పలకరించింది. ఆమెనూ మామ 'తిన్నవా బిడ్డా' అనే అడిగాడు. ఆమె వెంటనే ఏం తిన్నదో కూరతో సహా రాసింది. నేను ఎంతో జాగ్రత్తగా పదాలు ఏరి రాస్తే నాకు ఒక నవ్వుబొమ్మ వచ్చేది, మామకు కూరలు వచ్చేవి.

ఆ తరువాత మామ మా ఇంటికొచ్చి బాపు పక్కన కూర్చున్నాడు. తను వెళ్తున్నానని, పిల్ల తన వెంట వస్తుందని, పులిహోర అత్త కలుపుతుందని చెప్పాడు. బాపు 'నువ్వు పోతే సరే బావా' అని పేపరు తిప్పాడు. నా ప్రయాణం అలా ఖాయమైంది. కాకపోతే నేను మబ్బులాయన పిలిస్తే వెళ్తున్న అమ్మాయినో, పులిహోర డబ్బా మోయడానికి వెళ్తున్న మేనకోడలినో నాకే అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున నాంపల్లి స్టేషనులో నా కలల మనుషులు ఒక్కొక్కరుగా బయటపడ్డారు. మబ్బులాయన తలమీద ప్లాస్టిక్ కవరు, మెడకు మఫ్లరు, చేతిలో పెద్ద గొడుగుతో వచ్చాడు. మబ్బులంటే ప్రాణమే గానీ తడిస్తే పడదట, వెంటనే ముక్కు పట్టేస్తుందట. కిటికీల అమ్మాయి రైలెక్కగానే కిటికీ పక్క సీటు కావాలంది, కూర్చుంది, మేం దిగాల్సిన వికారాబాద్ దాకా నిద్రపోయింది. నన్నెవరూ గుర్తుపట్టలేదు. నీలం పువ్వును గుర్తుపట్టడం ఎలాగ? ఖాకీ ఫోటో పుణ్యమా అని మామను మాత్రం ప్లాట్‌ఫారం మీదే దూరం నుంచి గుర్తుపట్టి, 'మామా' అని పరుగెత్తుకొచ్చారు. దారంతా ఆయన చుట్టూనే చేరారు. ఆయన సిటీ బస్సుల కథలు చెప్పాడు, రైల్లో నిలబడ్డ మనిషినల్లా లోపలికి జరిపి కూర్చోబెట్టాడు. నేను పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాను. అందమైన వాక్యం ఒకటి వారంగా తయారుచేసి పెట్టుకున్నాను, చెప్పే సందు దొరకలేదు.

గుట్ట మీద మధ్యాహ్నం దాకా మబ్బు రాలేదు. పులిహోర అయింది, మామ అందరికీ కొసరి వడ్డించాడు. నేను విసిగి, వాళ్ళకు కొంచెం దూరంగా, లోయ అంచున ఉన్న ఒక రాతి మీద కూర్చున్నాను. అప్పుడొచ్చింది. ముందు లోయలో చెట్లు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. ఆ తర్వాత దారి కనిపించలేదు, గొడుగు కనిపించలేదు, చివరికి నా చేతులు కూడా పాలలో ముంచినట్టయ్యాయి. చల్లగా, తడిగా, చప్పుడు లేకుండా నా ముఖం మీదుగా నడిచి వెళ్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత జాగ్రత్తగా ఇన్నాళ్ళూ ఏరుకుంటూ వచ్చింది దీనికోసమే అనిపించింది. ఏడుగురూ అక్కర్లేదు, ఎవరూ అక్కర్లేదు, ఇలాగే ఉండిపోతే చాలు. ఆ తెల్లదనంలో ఎక్కడి నుంచో మామ గొంతు వినిపించింది. బస్సు కదిలే ముందు చూసుకున్నట్టు అందరినీ పిలుస్తున్నాడు. ఒక్కొక్కరే పలికారు. మబ్బులాయన తుమ్ముతూ పలికాడు. తర్వాత మామ నన్ను పిలిచాడు. నేను పలకలేదు. పలికితే కల చెదిరిపోతుందనిపించింది. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతు మామ గొంతులా లేదు, ఎవరో భయపడిన ముసలాయన గొంతులా ఉంది. ఈలోపు మబ్బు జరిగిపోయింది. చూస్తే నాకు పది అడుగుల దూరంలో, లోయ వైపు వంగి, చేతులు ముందుకు చాపి తడుముకుంటూ నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. తల తుడుచుకొమ్మని తన తువ్వాలు ఇచ్చాడు.

సోమవారం కేఫ్‌లో పేజీ తెరిస్తే ఆరోజు 'తిన్నవా' లేదు. తుడవడానికి సిద్ధంగా వెళ్ళిన చెయ్యి ఊరికే ఆగిపోయింది. మంగళవారం కూడా లేదు. అనుమానం వచ్చి జాబితా చూశాను. ఏడుగురే ఉన్నారు. ఖాకీ చొక్కా లేదు. మామ పేజీకి వెళ్ళి చూస్తే అక్కడ మబ్బులాయన ఉన్నాడు, కిటికీల అమ్మాయి ఉంది, మా టైలరు అక్క ఉంది, నాంపల్లి స్టేషనులో చాయ్ అమ్మిన అబ్బాయి కూడా ఉన్నాడు. నేను లేను. అన్నేళ్ళ సర్వీసులో ఒక్క మనిషిని కూడా కిందికి దింపని కండక్టరు నన్ను దింపేశాడు. చెప్తే నవ్వుతారు, పేజీ మూయకుండానే లేచాను. నేరుగా ఆయన ఇంటికి వెళ్ళి, అరుగు మీద నిలబడే, నన్నెందుకు తీసేశావని అడిగాను.

మామ చెప్పులు తుడుచుకుంటున్నాడు. తలెత్తి చూసి పక్కకు జరిగి కూర్చోమన్నాడు.

"నేను తీసేసింది నిన్ను గాదు, నన్ను," అన్నాడు. "నేను రాసేటియి నువ్వు తుడుస్తున్నవని భాయ్ మొదట్నే చెప్పిండు. పిల్లలు గద, ఆడుకుంటున్నరులే అనుకున్న. మొన్న మబ్బుల మొత్తుకుంటే గూడ పలుకలే నువ్వు. నీకు ఒంటిగ ఉండుడు పానం అని గప్పుడు సమజైంది. పిలిచి పిలిచి సతాయించుడు ఎందుకని దిగిపోయిన. ఇంట్ల ఉన్న గద, ఏడికి పోత?"

వారం రోజులు తయారుచేసిన అందమైన వాక్యం ఇంకా నా దగ్గరే ఉంది, అది ఇక్కడికి ఏమాత్రం పనికిరాలేదు. అత్త చాయ్ తెచ్చింది. సాసర్లో పోసుకుని తాగాను, నాలుక కాలింది. లేచి తిన్నగా కేఫ్‌కు వెళ్ళి, జీవితంలో మొదటిసారి, మా చుట్టం ఒకాయన స్నేహం కోరుతూ నేనే చెయ్యెత్తాను.

ఆయన వెంటనే ఒప్పుకున్నాడనుకుంటారేమో. ఒప్పుకోలేదు. మర్నాడు లేదు, ఆ మర్నాడూ లేదు. డ్యూటీ మారింది, రావట్లేదు అన్నాడు కేఫ్ భాయ్. నేను నమ్మలేదు. నేను ఆయన్ను నెల పైగా నిలబెట్టాను, ఆయన నన్ను ఎన్నాళ్ళు నిలబెట్టినా న్యాయమే, కానీ న్యాయమైనంత మాత్రాన ఎదురుచూపు తేలికైపోదు కదా. రోజూ సాయంత్రం బస్సు దిగి పరుగున వెళ్ళి పేజీ తెరిచేదాన్ని. మబ్బులాయన కొత్త మబ్బు పెట్టాడు, చూడలేదు. కిటికీల అమ్మాయి ఏదో రాసింది, చదవలేదు. ఇప్పుడు నా ఫోనులో వందల మంది ఉన్నారు, ఎవరు వచ్చారో ఎవరు పోయారో నాకే తెలియదు. ఆ ఏడుగురిలో ఒకరిద్దరి పేర్లు కూడా మరిచిపోయాను. ఆ పిల్ల మాత్రం బాగా గుర్తుంది. ప్రపంచమంతా జల్లెడ పట్టి ఏడుగుర్ని ఏరుకున్న పిల్ల, ప్లైవుడ్ గూట్లో పరదా వేసుకుని, రెండు గల్లీల అవతలి ఒక్క మనిషి తనను ఏరుకుంటాడా లేదా అని గోరు కొరుక్కుంటూ కూర్చుంది. తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటుంది. ఆ శుక్రవారం నాడు పరదా పక్కకు జరిపి మామే తల లోపల పెట్టాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజాన సంచి ఉంది. తెర మీది నీలం పువ్వును కాసేపు చూశాడు.

"జరుగు," అన్నాడు. నేను జరిగాను. ఆ ఇరుకు గూట్లో, ఒక్క స్టూలు మీద, ఇద్దరికీ జాగ సరిపోయింది.